తునికాకు మీద పళ్ల గాట్లు

చేతితో కొలిచి దాచుకున్న రుజువుకు తిరుగు లేదని నమ్మే వయసొకటి ఉంటుంది. ఎనభైల మొదట్లో నాది ఆ వయసు. మహారాష్ట్ర అంచున, తెలుగు మాట్లాడే సిరోంచలో కచేరీ గుమాస్తాను. నా కింది దవడ పై దవడను దాటి ముందుకు ఉండేది. పూర్తిగా మూయని సొరుగులా ఉందని తోటివాళ్లు నన్ను ‘సొరుగు’ అనే పిలిచేవారు. నేనూ నవ్వేవాణ్ని. కానీ ముందుపళ్లు కలవక ఏదీ కొరకలేక, నలుగురిలో తినడమే మానేశాను.

చివరికి నాగపూర్‌లో ఆపరేషన్ చేయించుకున్నాను. ఎముక కోసి, దవడను వెనక్కి జరిపి, పైపళ్లకూ కిందిపళ్లకూ తీగలు కట్టి ఆరు వారాలు నోరు మూసేశారు. అవ్వ (మా దగ్గర అమ్మను అలాగే పిలుస్తాం) కాచిన గంజిని పళ్ల సందుల్లోంచి పీల్చుకుని బతికాను. తీగలు విప్పాక డాక్టరు, “ఏడాది దాకా ఏమీ చెప్పలేం. కొందరికి దవడ మళ్లీ ముందుకు వస్తుంది” అన్నారు. ఆ మాటతో నాకు నిద్ర కరువైంది.

అది తునికాకు కోసే కాలం. బీడీలకు పనికొచ్చే ఆ ఆకును అవ్వ ఏటా అడవి నుంచి తెచ్చి కట్టలు కట్టేది. నేనొక పచ్చి ఆకును కొరికి, గాట్లు పడ్డాక తేదీ వేసి డైరీలో దాచాను.

“గదేందిర, మేకవా?” అంది అవ్వ.

“నీకు తెల్వదే అవ్వా. గిది లెక్క.”

రెండు నెలలకు ఇంకో పచ్చి ఆకు కొరికి, ఈనెకు ఈనె సరిపెట్టి పాతదానితో పోల్చాను. కిందిపళ్ల గాట్లు పాతవాటిని దాటి బయటికి వచ్చేశాయి! మర్నాడే అవ్వతో నాగపూర్ బస్సెక్కాను. దారంతా నోరు తెరవలేదు, దవడ ఇంకాస్త జరుగుతుందేమోనని.

డాక్టరు నా నోరు చూశారు, ఆకులు చూశారు. “పైపళ్ల గాట్లు కూడా ముందుకు వచ్చాయి కదా. మరి పై దవడను ఎవరు జరిపారు?” అని మరాఠీలో అడిగారు. (నేను కింది వరసే చూశాను.)

నేను తెలుగులో చెప్పగానే అవ్వ ఆకులు లాక్కుంది. “ఎండితె ఆకు ముడుసుకపోదార? ఇన్నేండ్లసంది ఆకు కడ్తున్న, నన్నొక్క మాటడిగినవా?”

ఆ మాటను మరాఠీలో డాక్టరుకు చెప్పవలసిందీ నేనే. చెప్పాను.

బస్టాండులో అవ్వ కాల్చిన మక్కకంకి కొనిచ్చింది. అందరి మధ్య నిలబడి, ముందుపళ్లతో కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“జర మెల్లగ తినుర, దవడ యాడికి పోదు.”

నిజమే, పోలేదు. కంకి పట్టుకుని ఏడ్చిన ఆ గుమాస్తా గుర్తొచ్చి, ఇప్పుడు ఈ ముసలితనంలో అద్దం ముందు నవ్వుకుంటాను. దవడ అక్కడే ఉంది. పళ్లే ఒక్కొక్కటిగా సెలవు తీసుకుంటున్నాయి.