లాలాపేటలో సరళ బాప్తిస్మం

పదకొండేళ్ల క్రితం ఒక తండ్రి నన్ను ఒక ప్రశ్న అడిగితే అబద్ధం చెప్పాను. ఆ అబద్ధాన్ని మోస్తూనే థీసిస్ పూర్తి చేశాను, ఉద్యోగంలో చేరాను, పెళ్లి చేసుకున్నాను. ఆదివారాలు పిల్లలకు వాక్యం కూడా చెబుతున్నాను. అబద్ధమాడరాదనే పాఠం వచ్చిన వారం మాత్రం ఏదో వంక పెట్టి ఇంకొకరికి అప్పగిస్తాను. నా భర్తకు తెలియదు. మా పాస్టరు గారికి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

సరళ నా రూమ్మేట్. తార్నాకలో, యూనివర్సిటీకి నడిచి వెళ్లేంత దూరంలో, ఇద్దరం ఒక గది అద్దెకు తీసుకున్నాం. నేను పీహెచ్‌డీ, తను ఎమ్మే. వాళ్లది జనగామ వైపు రైతు కుటుంబం. ఇంట్లో ఎవరూ చర్చి గడప తొక్కినవాళ్లు కారు. నేనేమో గుంటూరు వైపు మూడు తరాల క్రైస్తవుల ఇంట్లో పుట్టాను. నాకు రెండు బాప్తిస్మాలు. పసిపిల్లగా ఉన్నప్పుడు నుదుటి మీద నీళ్లు చిలకరించారు. డిగ్రీ చదివే రోజుల్లో, అది చెల్లదు, నమ్మి మునగాలి అని చెప్పినవాళ్ల మాట విని కాలువలో మళ్లీ మునిగాను. మా నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు. తను చేయించినదాన్ని నేను పదిమంది ముందు కొట్టిపారేశానని ఆయన బాధ. నాకు అప్పుడది పట్టలేదు. సత్యం నా వైపే ఉందని మహా ధీమా.

ఆ ధీమాతోనే క్యాంపస్‌లో శనివారం సాయంత్రాలు ప్రార్థన కూడిక నడిపేదాన్ని. లైబ్రరీ వెనక మెట్ల మీద పది పన్నెండు మందిమి కూర్చునేవాళ్లం. సరళ మొదట నాకు తోడుగా వచ్చింది. తర్వాత తన కోసమే రావడం మొదలుపెట్టింది. తనకు బైబిల్ కొనిచ్చింది నేను. అందులో ఏది ఎక్కడుందో చూపించింది నేను. చూశారా, ఇప్పటికీ ప్రతి మాటలో నేనే వస్తున్నాను.

చదవడం వచ్చాక ప్రశ్నలు వచ్చాయి. యేసు దేవుడే అయితే సిలువకు ముందు రాత్రి తోటలో మోకరించి ఎవరికి ప్రార్థన చేశాడక్కా అని అడిగింది. త్రిత్వం గురించి నాకు తెలిసిందంతా వల్లించాను. శ్రద్ధగా విని, మళ్లీ అదే అడిగింది. కొన్నాళ్లకు లాలాపేటలో ఒక చిన్న కూడికకు వెళ్లడం మొదలుపెట్టింది. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ఇల్లు అది. యేసు దేవుని కుమారుడే గానీ దేవుడు కాడని వాళ్ల నమ్మకం. చనిపోయినవాళ్లు వెంటనే పరలోకానికి పోరని, ఆయన వచ్చి లేపేదాకా మట్టిలో నిద్రపోతారని చెప్పేవాళ్లు. సరళకు ఆ మాట ఎంతో నచ్చింది. మా బతుకంతా మట్టితోనే గదక్కా, చివరికి అండ్లనే పడుకుంట అనేది.

అది దుర్బోధ అన్నాను. వాక్యాలు చూపించాను. తనూ చూపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు ఇద్దరం వారాల తరబడి వాదించుకున్నాం. ఒకే గదిలో వేరువేరుగా వండుకున్నాం. చివరికి అక్కడే బాప్తిస్మం తీసుకుంటానని చెప్పి, నన్ను రమ్మని బతిమాలింది. ఇంటివాళ్లెవరికీ చెప్పలేదు కదా, తన తరఫున ఒక్కరైనా ఉండాలని కోరిక.

వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆపడానికే వెళ్లాను. ఆ ఇంటి పెరట్లో సిమెంటు నీళ్లతొట్టి ఉంది. పెద్దాయన అడిగినవాటన్నిటికీ సరళ తడబడకుండా జవాబు చెప్పింది. మునిగింది. ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గుతూ లేచి నవ్వింది. అక్కడున్న ఏడెనిమిది మందీ పాడారు. నేను పెదవి కదపలేదు.

ఆ వానాకాలంలోనే సరళకు డెంగీ వచ్చింది. మూడు రోజులు గదిలో, రెండు రోజులు ఆస్పత్రిలో. వాళ్ల నాన్న బయలుదేరాడని తెలిశాక నా చేయి పట్టుకుని, బాప్తిస్మం సంగతి బాపుకు నువ్వే చెప్పక్కా, నాకు నోరు రాదు అంది. సరే అన్నాను. మర్నాడు ఉదయం ఆయన బస్సు దిగి వచ్చేసరికి సరళ లేదు.

శవాన్ని ఊరికి తీసుకెళ్లే బండి కోసం ఆస్పత్రి ఆవరణలో ఆగాం. ఆయన సరళ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందులో నేను కొనిచ్చిన బైబిల్ చూసినట్టున్నాడు.

"బిడ్డా, నువ్వు దాని పక్కపొంటే ఉన్నవు. మా సరళ మీ దాంట్ల కలిసిందా? నీళ్లల్ల మునిగిందా?"

బండి వస్తోందేమోనని నేను గేటు వైపు చూశాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"మునిగితే చెప్పు. మా అన్నదమ్ములు ఒప్పుకోరు, నేను ఒప్పిస్త. మాకు సొంత చెలక భూమి ఉన్నది, అండ్లనే మట్టిల పెడ్త. మీ చర్చి అయ్యగారిని గూడ పిలుస్త. దాని మనసుల ఏమున్నదో గట్లనే చేస్త."

"లేదు బాబాయ్. ఊరికే చదివేది, అంతే."

"అయితే మా పద్ధతిల చేసుకుంట. నువ్వు చెప్పినవు గద, ఇగ నాకు అనుమానం లేదు."

అంతటితో ఆగలేదు నేను. కాసేపటికి లాలాపేట పెద్దాయన ఫోన్ చేశాడు, మేం రావచ్చా అమ్మా అని. ఇంటివాళ్లు కోపంగా ఉన్నారు, రావద్దన్నాను. కోపమా? అయ్యగారిని పిలుస్తానన్న మనిషికా? పెద్దాయన సరేనని ఫోన్‌లోనే ప్రార్థన మొదలుపెట్టాడు. నేను ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని నిలబడ్డాను. సాయంత్రం వాళ్ల ఊళ్లో చితి పేర్చారు. ఆ తండ్రే నిప్పు పెట్టాడు. అందరితో పాటు నేనూ చూశాను.

చాలా ఏళ్లు నాకు నేను వకీలుగా వాదించుకున్నాను. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను ఒక్కటిగా ఒప్పుకోనివాళ్లు ఇచ్చింది బాప్తిస్మమే కాదు కదా, కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు కదా అని. కానీ ఆయన నన్ను సిద్ధాంతం అడిగాడా? చెల్లుతుందా అని అడిగాడా? మునిగిందా అని అడిగాడు. అదే నేను నడిపించి మా సంఘంలో ముంచి ఉంటే, ఆయన అడగకముందే గర్వంగా చెప్పేదాన్ని కానా? నేను తెచ్చిన పిల్ల ఇంకొకరి తొట్టిలో మునిగిందన్న కడుపుమంట అది. దానికి సిద్ధాంతమని పేరు పెట్టుకున్నాను. దేవుడు బూడిదలోంచైనా లేపగలడని సర్దిచెప్పుకుంటాను. లేపగలడు. అయితే మట్టిలో పడుకోవాలన్న ఆ పిల్ల కోరికను కాదనే అధికారం నాకెవరిచ్చారు?

నా విశ్వాసం మారలేదు. యేసు దేవుడనే ఇప్పటికీ నమ్ముతాను. ఆయన ముందు నిలబడిన రోజు ఆ నమ్మకం ఈ అబద్ధం నుంచి నన్ను కాపాడదని మాత్రం తెలుసు.

ఆ తండ్రికిప్పుడు డెబ్బై దాటాయి. ఏటా క్రిస్మస్‌కు నాకు ఫోన్ చేస్తాడు, మీ పండుగ గద బిడ్డా అని. మొన్నటిసారి, ఆ రోజు నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పబట్టే మనసు నిమ్మళంగ ఉన్నదన్నాడు. ఇప్పుడు నిజం చెబితే నా బరువు తీసి ఆ ముసలి ప్రాణం మీద పెట్టినట్టు. చెప్పకపోతే? నా మౌనం ఆయన కోసమా, నా కోసమా? ఎంత తవ్వినా తేలడం లేదు. ఈసారి ఫోన్ వచ్చినా బహుశా బాగున్నారా బాబాయ్ అనే అంటాను.

ఇంత రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అలా ఆడుతున్నందుకూ సిగ్గుగానే ఉంది. ఆయన ముందు అనలేని జవాబు మీ ముందైనా అననివ్వండి.

మునిగింది బాబాయ్. నా కళ్లముందే మునిగింది. మీకు చెప్పమని నాకే అప్పగించింది. నేను చెప్పలేదు.