రొమాన్ష్ భాషలో నేను కోసిన కోతలు

నవ్వాపుకోగలిగినవాళ్లే ముందుకి చదవండి. అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో మా వీధి వీధంతటి పరువునీ ఒక్క భోజనాల బల్ల దగ్గర, పులిహోర చల్లారేలోపు తీసేసిన ఘనుణ్ణి నేను.

అప్పుడే రిటైరయ్యాను. కోతలు మంచి పదును మీదున్నాయి. పక్కింటి ఉర్సినా గారు స్విట్జర్లాండ్ కొండల్లో పుట్టిన పెద్దావిడ. ఆవిడ ఇంటి భాష రొమాన్ష్. అది మాట్లాడేవాళ్లందర్నీ పోగేసినా మన ఒక మోస్తరు పట్టణం నిండదట. ఆవిడ దిగులుగా ఆ మాట చెబుతుంటే నా నోరు ఊరుకుంటుందా?

"రొమాన్షా? స్విట్జర్లాండ్‌లో ఉన్నప్పుడు గడగడా మాట్లాడేవాణ్ణి!"

ఆవిడ కళ్లు చెమర్చాయి. "మా అన్నయ్య గియాన్ వస్తున్నాడు. ఇంగ్లీషు రాదు. కిందటిసారి నేను వంటింట్లో ఉంటే, నా పిల్లల మధ్య మూగవాడిలా కూర్చున్నాడు. ఈసారీ అంతే అయితే ఇక రాడు. శనివారం భోజనానికొచ్చి కబుర్లు చెబుతారా?"

ఇంటికొచ్చాక మా ఆవిడ కామేశ్వరి నిలదీసింది. "ఏవండీ, మనం అక్కడ దిగింది ఫ్లైట్ మారడానికి కదా?"

"దిగామా, లేదా?"

అడుసు తొక్కాక కాలు కడుక్కోక తప్పదుగా! నీళ్ల కోసం ఇంటర్నెట్‌లో పడ్డాను. దొరికిన పాఠమల్లా బట్టీపట్టాను.

శనివారం పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి, పట్టాభిషేకానికి నిలబడ్డట్టు నిలబడి, స్వాగతమంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. గియాన్ గారు చెంచా దించేశారు. ముఖం గంభీరంగా పెట్టి చెల్లెల్ని ఏదో అడిగారు.

"ఏమంటున్నారండీ?" అన్నాను, మెప్పు కోసం మెడ చాచి.

"మంచు పడి మా లోయ రోడ్డు మళ్లీ మూసేశారా అంటున్నాడు."

తరవాత తెలిసింది సంగతి. ఆ కాస్త మందికే లోయల వారీగా ఐదు రకాల రొమాన్ష్ ఉందట. ఆఫీసు రాతల కోసం అన్నీ కలిపి ఆరోది తయారుచేశారట. నేను మింగింది సరిగ్గా ఆ ఆరోదాన్నే! శ్రీకాకుళం తాతగారిని పలకరించబోయి కలెక్టరాఫీసు ప్రకటన చదివినట్టయింది.

"అక్కడ ఏ ఆఫీసులో చేశారు, మిస్టర్ రావ్?" అని అడిగారు ఉర్సినా గారు.

మా ఆవిడ అందుకుంది. "ఎయిర్‌పోర్ట్‌లోనండీ. బాత్రూమ్ క్యూలో."

ఇక ఒప్పుకోక చస్తానా! చెల్లెలు అది చెప్పగానే గియాన్ గారు బల్ల చరిచి నవ్వారు. కుర్చీ నా పక్కకి లాక్కుని, పులిహోరలో పల్లీ నుంచి పైనున్న ఫ్యాను దాకా చూపిస్తూ వాళ్ల లోయ మాటలు నాతో పలికించారు. తప్పినప్పుడల్లా చెవి మెలేశారు. వెళ్లేముందు చెల్లెల్ని, "వచ్చే ఏడు నేనొచ్చేసరికి ఈ రోడ్డు నోటీసు ఇక్కడే ఉంటాడా?" అని అడిగారట.

ఆ పులిహోర గిన్నె సాక్షిగా ఒట్టేసుకున్నాను. రాని భాష వచ్చని ఈ జన్మలో అనను. ఆ మాటకొస్తే, "మీకు తెలుగు వచ్చా?" అని ఎవరడిగినా, "ఏ జిల్లాదండీ?" అని కనుక్కోనిదే నోరు విప్పను.