దగ్గు రాలేదని గొడవ

హోటళ్ల వంటగదుల్లో చిమ్నీలు, పొగ గొట్టాలు శుభ్రం చేసే పనికి ఈ రోజే బోణీ అయింది. రాజాంలో ఓ టిఫిన్ హోటల్. మధ్యాహ్నం పొయ్యిలు ఆపించి, గొట్టంలో ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు గీకేసరికి నా చొక్కాని నేనే గుర్తుపట్టలేకపోయాను. సాయంత్రం గొట్టంలోని పొగ లాగే ఫ్యాన్ వేసి, వంటావిడ అప్పలనర్సమ్మని సాంబారుకి పోపు పెట్టమన్నాను. ఎండుమిరపకాయలు చిటపటలాడాయి. పొగంతా పైకి పోయింది.

కాసేపటికి గల్లా దగ్గర్నుంచి ఓనరు విసురుగా లోపలికొచ్చాడు.

"ఏటి అప్పలనర్సమ్మా, ఇంకా పోపు ఎట్టనేదేటి? జనం వచ్చేస్తన్నారు!"

"ఎప్పుడో ఎట్టీసినాను బాబూ. సాంబారు సూడండి."

"మరి నాకు దగ్గు రానేదేటి?"

ఇన్నేళ్లూ గల్లా దగ్గర కూర్చుని, తనకి దగ్గు వస్తేనే పోపు పడిందని లెక్కట! ఆయన కాసేపు గొట్టాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"గజపతినగరంలో మా బావకీ హోటలున్నాది. ఆడు నాకన్నా ఎక్కువ దగ్గుతాడు. రేపెల్తావేటి?"

పదేళ్లు వంటమాస్టరుగా దగ్గి దగ్గి ఈ పనిలోకి దిగినవాణ్ణి. వెళ్లకుండా ఉంటానా?

మీ ఊళ్లో పోపు వేస్తే వీధంతా దగ్గే హోటలుంటే చెప్పండి. మాన్పించే పూచీ నాది.