పెదనాన్న ఇవ్వని పిన్ను

నా చిన్నప్పుడు తిరువూరులో మా నాన్న బాడుగకు కారు తిప్పేవాడు. పాత డీజిల్ కారు. పెనుగొలను పెళ్లివాళ్లను, విస్సన్నపేట నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్లను అందులోనే తీసుకొచ్చేవాడు. అది తిరిగితేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే మా అమ్మ ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునేది. తిట్లన్నీ మాకు దాచి ఉంచేది.

ఒక వేసవిలో ఇంజన్‌లో టైమింగ్ బెల్టు అరిగిపోయిందని నాన్న గమనించాడు. ఇంజన్ కింది భాగాన్నీ పై భాగాన్నీ ఒకే లెక్కలో తిప్పే పళ్ల బెల్టు అది. తెగితే ఇంజనే పోతుంది. రిపేర్లన్నీ ఇంట్లోనే చేసుకునే మనిషి కాబట్టి దీన్నీ తానే మారుస్తానన్నాడు. కానీ ఈ పనికి మామూలు పానాలు చాలవు. చక్రాన్ని ఊడలాగే పుల్లరు కావాలి. బెల్టు తీసినప్పుడు పై చక్రం, కింది చక్రం కదలకుండా పట్టి ఉంచే రెండు పిన్నులు కావాలి. అవి ఊళ్లో మా పెదనాన్న షెడ్డులోనే ఉండేవి.

పెదనాన్న నాన్నకు సొంత అన్న, పేరున్న మెకానిక్. నాన్న సైకిలెక్కి నేనూ వెళ్లాను. నాన్న లోపల పెద్దమ్మతో మాట్లాడుతుంటే పెదనాన్న బయట మాకిచ్చే సామాన్ల పెట్టె సర్దుతున్నాడు. సర్దుతూ సర్దుతూ ఒక పిన్ను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను చూడటం ఆయనా చూశాడు. "ఇది మీ కారుది కాదులేమ్మా" అని నా చేతిలో నాలుగు నిమ్మతొనలు పెట్టాడు. నేను చప్పరించుకుంటూ ఇంటికొచ్చాను.

షెడ్డు వాళ్లలో అదొక అలవాటని తర్వాత తెలిసింది. సామాన్లు అరువిచ్చేటప్పుడు ఒకటి వెనక్కి పెట్టుకుంటారు. పని మధ్యలో ఆగిపోయి, తీసుకెళ్లినవాడు మళ్లీ గుమ్మంలోకి వచ్చి అడగాలి. మేస్త్రీ గొప్ప అలా నిలబడుతుంది. తమ్ముడు వస్తాడనే పెదనాన్న ఎదురుచూసి ఉంటాడు. కానీ నాన్న వెళ్లలేదు. పెట్టెలో ఒక్క పిన్నే కనపడితే, అన్నయ్య ఇచ్చాడంటే ఈ కారుకి అంతే చాలేమో అనుకున్నాడు. దేవుడు సర్దిన పెట్టెనైనా అంతగా నమ్మేవాడు కాదేమో.

కింది చక్రానికి పిన్ను పెట్టి, పైదానికి సుద్దముక్కతో గుర్తు గీసి, స్క్రూడ్రైవరు ఆనించి బెల్టు వేశాడు. సాయంత్రం తాళం తిప్పాడు. లోపల ఇనుము ఇనుముతో కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఇంజన్ ఆగిపోయింది. నాన్న చాలాసేపు సీట్లోంచి దిగలేదు.

కబురందుకుని పెదనాన్న వచ్చి చూశాడు. పై చక్రం లెక్క తప్పి లోపల వాల్వులు వంగిపోయాయన్నాడు. "రెండో పిన్ను లేకుండా ఎట్టా వేశావురా? అడగొచ్చుగా" అన్నాడు.

"నా తొందరే అన్నయ్యా" అన్నాడు నాన్న తల వంచుకుని.

గుమ్మంలో నిలబడ్డ నా వైపు పెదనాన్న ఒక్కసారి చూశాడు. నేను నోరు తెరవలేదు. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టడం ఇష్టంలేక ఊరుకున్నానని పెద్దయ్యాక నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నాకు ఆయనంటే భయం వేసింది, అంతే.

బాగుచేయించే స్తోమత లేక కారు వదిలేసుకున్నాం. నాన్న ఎవరి లారీకో డ్రైవరుగా కుదిరాడు. తనకు రిపేర్లు అచ్చిరావని ఒక మాట పట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లో కుళాయి కారినా ఎవరినో పిలిచేవాడు. "నా చెయ్యి మంచిది కాదమ్మా" అనేవాడు. అన్నప్పుడల్లా నాకు గొంతు దాకా వచ్చేది. అప్పటికే ఆలస్యమైందని మింగేసేదాన్ని.

పెదనాన్నను నేను క్షమించలేదు. ఇప్పుడు నా ఎదుట ఎవరు ఎవరిని మోసం చేస్తున్నా ముఖానే అనేస్తాను. గయ్యాళిదని అత్తవారింట పేరు కూడా వచ్చింది. అననీ. మా నాన్న తన చేతులనే నిందించుకుంటూ కన్నుమూశాడు. ఆ చేతుల తప్పేం లేదని చెప్పగలిగినదాన్ని, ముప్పై ఏళ్లు ఆయన ఎదురుగానే తిరిగాను.