పాలిష్ మిషన్‌కు పెట్టిన గుంత నీళ్ళు

బేతంచెర్ల దగ్గర మేం పనిచేసే నాపరాళ్ళ ఫ్యాక్టరీకి ఇప్పుడు యజమాని లేడు. నష్టమని చెప్పి తాళం వేసి పోయాడు. మేం ఏడాది పాటు షెడ్డు ముందు కూర్చుని, ఆఫీసుల చుట్టూ తిరిగి, రావలసిన జీతాల కింద మిషన్లు మాకే రాయించుకున్నాం. పద్దెనిమిది మందిమి సంఘం పెట్టుకున్నాం. రెండో తరగతితో బడి మానేసినదాన్ని, ఆ కాగితం మీద చివరి సంతకం నాదే.

సంతకం పెట్టిన రోజు నుంచి నాకు కుదురు పోయింది. కూలిదాన్నిగా ఉన్నప్పుడు పొద్దు వాలగానే కొంగు దులుపుకుని ఇంటికి పోయేదాన్ని. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నా చెవులు షెడ్డు వైపే. మోటారు ఆపారా, పైపు కట్టారా అని సగం అన్నంలో లేచి పోయిన రోజులున్నాయి.

నాకు అప్పగించింది నీళ్ళ పని. రాయి కోసేటప్పుడు నీళ్ళు పారుతూనే ఉండాలి, లేకుంటే బ్లేడు కాలిపోతుంది. ఆ నీళ్ళు కాలువ వెంట గుంతలోకి పోతాయి. రాతిపిండి అడుక్కు దిగాక మళ్ళీ అవే కోతకు తోడుకుంటాం. పాలిష్ చివరి వరసకు మాత్రం డ్రమ్ములో మంచినీళ్ళు పెట్టాలి. అది ఇన్నేళ్ళూ యజమాని పెట్టిన మేస్త్రీ చేసేవాడు. నేను రాళ్ళు మోశానే గాని ఎందుకని అడిగినదాన్ని కాదు.

మాకు మొదటి పెద్ద బేరం ఆత్మకూరు దారిలో కడుతున్న ఒక చర్చికి నేలరాళ్ళు. మా సంఘంలో చర్చికి పోయే కుటుంబాలున్నాయి, వాళ్ళ చుట్టరికంతో వచ్చింది. సరిగ్గా అప్పుడే బోరు ఎండి గాలి కక్కింది. దినం విడిచి దినం ట్యాంకరు. మంచినీళ్ళు ధారగా రాళ్ళ మీద పోతుంటే నా ప్రాణం పోతున్నట్టుండేది. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోసి బతికినదాన్ని. గుంతలో పైన నీళ్ళు అద్దంలా తేరుకుని ఉన్నాయి. ఎవరికీ చెప్పకుండా సగం డ్రమ్ము అవే నింపాను.

తడి మీద రాళ్ళు నిగనిగలాడాయి. మరుసటి రోజు ఎండకు ఆరాక బయటపడింది. నలభై రాళ్ళ మీద దువ్వెనతో గీసినట్టు సన్నని సుళ్ళు.

అందరూ పాలిష్ మిషన్ తిప్పే అతని మీద పడ్డారు. మేం షెడ్డు ముందు కూర్చున్న కాలంలో అతను యజమాని జీపులో తిరిగినవాడు. తర్వాత దండం పెట్టి సంఘంలో చేరాడు.

"పాత బుద్ధి యాడికి పోతాది? కావాలనే చేసినాడు," అంది రాళ్ళు తుడిచే ఆమె.

"మిషన్‌కు పాలిష్ బిళ్ళలు మార్చే తిప్పినానక్కా. నా బిడ్డ మీద ఒట్టు. యాడ తప్పు జరిగిందో నాకే తెలీదు."

"ఆదివారం మీటింగులో తేల్చుకుందాం," అన్నాడు సంఘం పెద్ద. "ఈ మనిషిని ఉంచాల్నా తీసేయాల్నా, అందురూ చేతులెత్తి సెప్పండి."

గీతలు చూడగానే నాకు అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. భయం ఒక్కటే కాదు, ఆ మనిషంటే నాకూ పడదు. ఎలాగూ అందరూ అతన్నే అంటున్నారు, పోతే పోనీ అనుకున్నాను.

మూడు రోజులు ఇంట్లో ఒక చోట కూర్చోలేదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చాను.

"ఏమత్తా, కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు?" అంది కోడలు. ఆమె మీద అరిచి షెడ్డుకు పోయాను. గుంతలోని తేట నీళ్ళు దోసిట్లోకి తీసుకుని రెండు వేళ్ళ మధ్య రుద్దాను. కంటికి కనపడని రాతిపిండి గరుకు వేళ్ళకు తగిలింది.

ఆదివారం చర్చి వదిలాక అందరూ షెడ్డులో రాళ్ళ మీదే కూర్చున్నారు. "తీసేయాలనేవాళ్ళు చేతులెత్తండప్పా," అన్నాడు సంఘం పెద్ద. చేతులు లేచాయి. లెక్కపెట్టకముందే నేను లేచాను.

"దించండి. డ్రమ్ములో గుంత నీళ్ళు పోసింది నేను."

వెనక నుంచి ఒకడు, "అవ్వ పిసినారితనం రాళ్ళను కూడా ఇడ్సలేదు. మనల్ని ఆ నీళ్ళు తాగమనలేదు, అదే మేలు!" అన్నాడు. గొల్లుమన్నారు.

పాలిష్ అతను నవ్వలేదు. "మూడు దినాలవ్వా. నా పెండ్లాం సిగ్గుతో కొళాయి కాడికి కూడా పోలేదు. ఇన్ని దినాలు నోరు యాడ పెట్టుకున్యావు?"



"పోనీలేప్పా, పెద్దామె," అన్నారు ఎవరో.

"పెద్దదాన్నని ఇడ్సొద్దు," అన్నాను. "ఆ మనిషి మీద ఎత్తిన చేతులు నా మీద ఎందుకెత్తరు?"

ఒక్క చెయ్యి లేవలేదు. అది నాకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

చివరికి పాలిష్ అతనే అన్నాడు: "చేతులూ వద్దు, ఏమీ వద్దు. రేపట్నుంచి నా మిషన్ పక్కన నిలబడాల నువ్వు. నలభై రాళ్ళూ మళ్ళీ తిప్పుదాం."

నాలుగు రోజులు తిప్పాం. అతను నాతో "నీళ్ళు", "ఆపు" తప్ప మాట్లాడలేదు. ఒక్కో రాయిని తుడిచి, ఎండలో ఆరబెట్టి చూసేవాళ్ళం. నాలుగో రోజు చర్చివాళ్ళు ట్రాక్టరు తెచ్చి నిలబెట్టారు. ఆఖరి రాయి మూలన వెంట్రుకంత గీత మిగిలింది.

"ఇది గోడ మూలకు పోతాది, ఎవురికీ కనపడదు," అన్నాడు పాలిష్ అతను. "డ్రమ్ములో నీళ్ళు కూడా అయిపోయినాయి. నువ్వే సెప్పు, ఎక్కిద్దామా ట్రాక్టరుకు?"

గోటితో గీసి చూశాను. గోరు గీతలో పట్టుకుంది.

"మిషన్ మీదికే ఎక్కించు," అన్నాను.

"ట్యాంకరు రేపటిదాకా రాదవ్వా!"

"మా ఇంటి తొట్టిలో తాగే నీళ్ళుండాయి. తెస్తా."

అతను ఏదో బూతు గొణుక్కుంటూ రాయికి చెయ్యి వేశాడు. నేను రెండు బిందెలు తీసుకుని బయటపడ్డాను. "ఇంగెంత సేపప్పా?" అని ట్రాక్టరు మనిషి అరుస్తున్నాడు. నేను నడక వేగం చేశాను.