మిరప కల్లంలో ఒక పరిమళం కోసం

నేను హైదరాబాదులో ఇంట్లోనే అత్తర్లు తయారుచేస్తాను. మా ఆయన రవి చనిపోయి ఏడాది దాటింది. ఉతక్కుండా దాచుకున్న ఆయన చొక్కాలో ఎండుమిరప వాసన రోజురోజుకీ తగ్గిపోతుంటే భయం వేసింది. వాళ్లది మిరప రైతుల కుటుంబం. ఏటా కాయ కల్లానికి చేరే రోజుల్లో రవి ఊరెళ్లి, ఆ వాసనతోనే తిరిగొచ్చేవాడు. దాన్ని అత్తరుగా పట్టుకోవాలని మార్చిలో బయల్దేరాను.

గుంటూరు బస్టాండులో పొద్దున్నే ప్రత్తిపాడు బస్సెక్కాను. ఎండ ముదరకముందే దిగి, అక్కడి నుంచి ముప్పై రూపాయలిచ్చి షేర్ ఆటోలో ఊరు చేరాను. దారి పొడవునా పత్తి తీసేసిన చేలు, వాటి పక్కన ఎర్రగా పరిచిన కల్లాలు. "ముక్కుకి గుడ్డ కట్టుకోండమ్మా, తుమ్ములు ఆగవు" అన్నాడు ఆటో డ్రైవరు. కట్టుకోలేదు. నేను వచ్చిందే వాసన కోసం.

రవి అక్క సుగుణ వదిన వాళ్ల కల్లంలో కూలీల మధ్య కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. తల్లి పోయాక రవిని పెంచింది ఆవిడే. వచ్చిన పని చెప్పగానే ముఖం గంటు పెట్టుకుంది.

"మా తమ్ముడి వాసన అమ్ముకుంటావా?"

"అమ్మడానికి కాదు వదినా. మర్చిపోతానేమోనని."

ఆవిడ దోసెడు కాయలు నా ఒళ్లో పోసింది. గింజలు తీసేసి, తొక్కల్ని వెంట తెచ్చుకున్న స్పిరిట్‌లో నానబెట్టాను. మిరప ఘాటుకి మంటే తప్ప వాసన ఉండదు. వాసనంతా తొక్కదే, ఎండుద్రాక్షలా తియ్యగా, ఎండుగడ్డిలా వెచ్చగా ఉంటుంది. సాయంత్రం అందులో కాగితం ముంచి, ఆరాక వదినకిచ్చాను. ఆవిడ కళ్లు మూసుకుని చాలాసేపు పీల్చింది.

"కాయ వాసన వచ్చిందే. వాడు రాలేదు."

నాకూ అలాగే అనిపించింది. వదిన కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "ఇంట్లో ఏడిస్తే పిల్లలు బెంబేలెత్తుతున్నారు. అందుకే రోజూ వచ్చి ఇక్కడ కూర్చుంటున్నా. ఈ ఘాటుకి ఇక్కడ అందరి కళ్లూ ఇంతే కదా, ఎవరూ అడగరు" అంది.

నేనూ పక్కన కూర్చుని చీకటి పడేదాకా కాయలేరాను. రవి పోయాక నేను తనివితీరా ఏడ్చింది ఆ సాయంత్రమే.

ఆ అత్తరు పూర్తి చేశాను. అందులో రవి లేడు. మూత తీస్తే వదిన పక్కన కూర్చున్నట్టుంటుంది, అప్పుడు ఫోన్ చేస్తాను. కావాల్సినవాళ్లు పోతే వాళ్ల వాసన ఎక్కడా దొరకదేమో. వాళ్ల కోసం మనలాగే ఏడ్చే మనిషి మాత్రం దొరకొచ్చు. ఇలాంటి ప్రయత్నం చేసేవాళ్లకి ఒక్క మాట: మిరప నానిన స్పిరిట్ ఒంటికి తగిలితే మండుతుంది, కాగితం మీదో గుడ్డ మీదో వేసుకునే వాసన చూడండి.