బోర్డు మీద నిలవని బిళ్ల

నేను దెయ్యాలను నమ్మను. చిన్నప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ సంగతి వినగానే ‘బీరు కాచే ఆడది కదా, ఒక గుక్క ఎక్కువేసి ఉంటుంది’ అని నవ్వినవాళ్లు చాలామంది ఉన్నారు. రుచి చూడటం నా ఉద్యోగం. పొద్దున్నే తాగి పనిలోకి దిగడం మా ఇంటావంటా లేదు.

మాది కోలారు బంగారు గనుల ఊరు, కేజీఎఫ్. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి బంగారు గనిలో చేరాడు. గనిలో ఒక పద్ధతి ఉండేది. దిగే ప్రతి మనిషికీ ఒక నంబరు, ఆ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల. దిగేటప్పుడు బోర్డు మీద నుంచి తన బిళ్ల తీసి జేబులో వేసుకోవాలి, పైకి వచ్చాక మళ్లీ తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

గని ప్రభుత్వం చేతికి వచ్చిన కొన్నేళ్లకు, ఒకరోజు తాత షిఫ్టుకి వెళ్లి తిరిగి రాలేదు. అవ్వ, మనుషుల్ని గనిలోకి దించే షాఫ్టు దగ్గరికి పరిగెత్తింది. అక్కడి గుమాస్తా బోర్డు చూపించి, “బిళ్ల ఈడే ఉండాది. నీ మొగుడు దిగలేదు, యాడికో పారిపోయినాడు పో” అన్నాడట. హడావిడిలో తాత బిళ్ల తీసుకోవడం మరిచాడా, వేరెవరైనా పొరపాటున తగిలించారా అని ఒక్కరూ అడగలేదు. లోపల వెతకనూ లేదు. పెళ్లాం మాట కంటే ఇత్తడి ముక్క మాటే చెల్లింది. పోనీ అది తెల్లదొరల కాలమా అంటే అదీ కాదు, మనవాళ్ల కాలమే. అవ్వ చచ్చేదాకా పారిపోయినోడి పెళ్లాం అనిపించుకుంది. మా నాయనను బడిలో అదే మాటతో ఏడిపించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను బెంగళూరులో బీరు కాయడం నేర్చుకుని, కోలారు బయట హైవే పక్కన ఒకాయన అక్కడికక్కడే బీరు కాచి అమ్మే చిన్న బ్రూపబ్ పెడితే అందులో చేరాను. మొలకెత్తించి ఎండబెట్టిన రాగులతో, అంటే రాగి మాల్టుతో, ఏల్ అనే రకం బీరు కాచేదాన్ని. రాగి ఊరికే ముద్దకట్టుకుపోతుంది, వరి ఊక కలిపితేనే రసం కిందికి దిగుతుంది. దాన్ని మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి, నేలమాళిగలోని ట్యాంకుల్లో పులియబెట్టేదాన్ని.

యజమానికి గని అంటే అలంకారం. గోడల నిండా హెల్మెట్లు, లాంతర్లు. పాత ఇనుము అంగడి నుంచి గని బిళ్లలు ఒక సంచెడు తెచ్చి, కౌంటరు వెనక బోర్డుకు తగిలించాడు. గ్లాసు తీసుకున్నవాడికి ఒక బిళ్ల ఇవ్వాలి, ఖాళీ గ్లాసుతో పాటు వెనక్కి తీసుకోవాలి. జనం వాటిని పళ్ల మధ్య పెట్టుకుని ఫోటోలు దిగేవారు. ఉద్యోగం కదా అని ఊరుకున్నాను.

ఆ బిళ్లల్లో ఒకటి మాత్రం బోర్డు మీద నిలిచేది కాదు. మూసేటప్పుడు అన్నీ నేనే తగిలించేదాన్ని. పొద్దున్నే నేలమాళిగ తాళం తీసి దిగితే, రాగి ఏల్ ట్యాంకు కింద అది పడి ఉండేది. తడిగా, బూడిదరంగు రాతిపొడి అంటుకుని. అక్కడ ఉండేది తెల్ల టైల్సు, రోజూ వేడినీళ్లతో కడిగే నేల. బంగారం తీశాక మిగిలిన రాతిపొడి పోసే సైనైడ్ దిబ్బల పక్కన పెరిగినదాన్ని, అది గని పొడేనని నాకు తెలుసు. తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. ఎలుక అన్నారు. కొక్కెం వంకర అన్నారు, కొత్తది కొట్టించాను. కెమెరా చూశాం. బిళ్ల కొక్కేనికి ఉంది, ఆ తర్వాత లేదు. దగ్గరికి ఎవరూ రాలేదు.

చిలుము పట్టి దాని నంబరు కనిపించేది కాదు. ఒకరోజు చింతపండు వేసి తోమాను. 3126. మా ఇంట్లో తాత పాత టిఫిన్ క్యారియర్ మూత మీద కొట్టి ఉన్నదీ అదే నంబరు.

యజమానికి చెబితే ఆయన కళ్లు మెరిశాయి. నా బీరుకు దెయ్యం ఏల్ అని పేరు పెడదాం, గ్లాసుల మీద ఆ నంబరు అచ్చు వేయిద్దాం అన్నాడు. అవ్వ బతుకంతా మింగిన నంబరు ఈయనకు వ్యాపారమైంది! ఏప్రాన్ విప్పి కౌంటరు మీద పడేసి, బిళ్ల తీసుకున్నాను. అది నాది, డబ్బిచ్చి కొన్నాను అని అరిచాడు. మా తాతది, కావాలంటే పోలీసులకు చెప్పుకోండి అని వచ్చేశాను.

ఇంటికి తెచ్చి ఇస్తే, నాయన బిళ్లను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ అది ఎక్కడ దొరికేదో చెప్పాను.

“బిళ్ల పైన ఉండినా మా నాయన కిందనే ఉండాడని అప్పుడే చెప్పినానమ్మా. ఎవురూ వినలేదు” అన్నాడు.

లేచి, అవ్వ ఫోటో పక్కన గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించాడు. మర్నాడు పొద్దున నేను ముందు నేలంతా వెతికి, తర్వాతే గోడ వైపు చూశాను. మేకుకే ఉంది, పొడిగా.

“ఇంగ షిఫ్టు అయిపోయిందమ్మా. ఇంటికొచ్చినాడు” అన్నాడు నాయన. అని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు.

ఆనాటి నుంచి ఆ బిళ్ల కదలలేదు. అప్పుడు ఎందుకు కదిలేదో, ఇప్పుడు ఎందుకు కదలదో నాకు తెలియదు. దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ ఒక ఇత్తడి ముక్క రోజూ కిందికి దిగింది. ఆ రోజు తాత కోసం ఒక్క మనిషీ దిగలేదు.